చెయ్యెత్తిన చోటు

ఆ చలికాలం మా ఇంట్లో నవ్వడానికి కారణం అక్కర్లేదు. గీజర్‌లో నీళ్లు ఇద్దరికీ చాలకపోతే నవ్వు. రజాయి ఒకరి మీద నుంచి ఒకరు లాక్కుంటే నవ్వు. పెళ్లయిన కొత్త. జనక్‌పురిలో మొదటి అంతస్తు, రెండు గదులు, ఒక మనిషి నిలబడితే నిండిపోయే బాల్కనీ. ఆ బాల్కనీలోనే ఇద్దరం నిలబడేవాళ్లం. పొద్దున్నే పొగమంచులో ఎదురింటి నీళ్ల ట్యాంకు కూడా కనబడేది కాదు. రఘువీర్ నా భుజం మీద గడ్డం ఆనించి, "చూశావా, ఢిల్లీ మొత్తం మాయం. మనిద్దరమే మిగిలాం" అనేవాడు. ఆ మాట అంతకు ముందు ఎంతమంది ఎంతమందితో అని ఉంటారో! అయినా నేను మురిసిపోయేదాన్ని.

తనకి నోయిడాలో ఒక టీవీ ఛానల్లో ఉద్యోగం. ఏ కార్యక్రమం ఎప్పుడు తెరమీదికి వెళ్లాలో చూసే గదిలో కూర్చుంటాడు. ప్రకటనలు అయిపోయాక ఛానల్ గుర్తు ఒకటి వేస్తారు. మూడు రకాలున్నాయి: దీపం, గాలిపటం, నీలంరంగు పిట్ట. పిట్ట రెక్కలు విదిల్చి ఎగురుతుంటే వేణువు మీద చిన్న పాట వస్తుంది. మూడింట్లో ఏది వెయ్యాలన్నది డ్యూటీలో ఉన్నవాళ్ల ఇష్టం.

"డ్యూటీలో ఫోన్ మాట్లాడకూడదు మైథిలీ" అన్నాడు కాపురానికి వచ్చిన కొత్తలో.

"అయితే పిట్టని పంపించు."

"ఏ పిట్టని?"

"నీలంది. అది వస్తే నన్ను తల్చుకున్నట్టు."

ఆ రోజు నుంచి అది మా ఆట. నేను వంటింట్లో కూర తరుగుతూ ఛానల్ పెట్టుకుని కూర్చునేదాన్ని. వేణువు వినబడగానే కత్తిపీట వదిలేసి పరుగెత్తుకొచ్చేదాన్ని. ఎక్కడెక్కడి ఊళ్లలోనో, ఎవరెవరి ఇళ్లలోనో ఎగిరే పిట్ట అది. అది నా కోసం ఎగురుతోందని మా ఇద్దరికే తెలుసు. పెళ్లిలో పెట్టిన నగలేవీ నాకంత సంతోషం ఇవ్వలేదు.

పై అంతస్తులో కృష్ణకుమారి ఆంటీ ఉండేవారు. బెజవాడ ఆవిడ. రేడియోలో వయొలిన్ వాయించి రిటైరై, ఇక్కడే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. "ఒళ్లో వయొలిన్ ఉండగా ఇంకెవరికమ్మా చోటు?" అనేవారు అడిగినవాళ్లతో. ఆ వాటాకి డాబా ఉంది, డాబాకి ఎండ ఉంది. ఢిల్లీ చలికాలంలో ఎండ ఉన్నవాళ్లే జమీందార్లు. మధ్యాహ్నం కాగానే పైనుంచి కేక వేసేవారు. "అమ్మాయ్, ఎండొచ్చింది. బఠాణీలు పట్టుకు రా!"

ఒక సెలవు రోజున రఘు కూడా పైకి వచ్చాడు. ముగ్గురం చాప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాం. అంటే వాళ్లిద్దరూ ఒలుస్తున్నారు, నేను పచ్చివే తినేస్తున్నాను.

"మా ఛానల్‌కి ఒక పాత మూకీ దొరికింది ఆంటీ. మిస్ నీలిమ అని ఆవిడెవరో హీరోయిన్. అప్పట్లో పెద్ద స్టారట. బొమ్మ బాగు చేశారు గానీ దానికి సంగీతం లేదు. ఎవరితో చేయించాలా అని తల పట్టుకుంటున్నారు."

"కథేమిటి?"

"పడవవాడి భార్య. కరువు. చివరికి..."

"బిడ్డని పడవలో పడుకోబెట్టి తాడు విప్పేస్తుంది." ఆంటీ చేతిలో బఠాణీకాయ అలాగే ఉండిపోయింది.

"మీరు చూశారా?" అన్నాను.

"నేను పుట్టేసరికే ఆ బొమ్మలు పోయాయి. మా నాన్న వాయించాడు. బెజవాడలో రేకుల హాలు. తెర కింద హార్మోనియం పెట్టుకుని వెంకటసుబ్బయ్యగారు, అదే మా నాన్న, కూర్చుంటే, తెర మీద వాళ్లకి నోరొచ్చినట్టే ఉండేదట. తర్వాత నిజంగానే నోరొచ్చింది, నాన్న పని పోయింది. కానీ ఆ పడవ బొమ్మకి కట్టిన పాటలు మాత్రం ఇంట్లో వాయిస్తూనే ఉండేవాడు. నాకు వచ్చిన మొదటి సంగీతం అదే."

రఘు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

వారం తిరగకుండా ఛానల్ వాళ్లు ఆంటీని పిలిపించారు. పుష్యమాసపు చలిలో, ఉన్ని టోపీ మీద మఫ్లర్ చుట్టుకుని, ఒళ్లో వయొలిన్ పెట్టె పెట్టుకుని ఆవిడ క్యాబ్ ఎక్కుతుంటే నేను గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేదాన్ని. కాలనీలో కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను, ఇదంతా మా ఆయన వల్లేనని. కాస్త నా వల్ల కూడానని.

రికార్డింగ్ ముగిసిన మర్నాడు డాబా మీద ఆంటీ నాకొక మాట చెప్పారు.

"పడవ తాడు విప్పే చోట నేనేమీ వాయించలేదు."

"అదేంటి! అసలు ఘట్టం అదే కదా?"

"అందుకే. నాన్న సరిగ్గా అక్కడ హార్మోనియం మీద నుంచి చెయ్యెత్తేసేవాడు. హాలు వినబడాలని. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు వెక్కడం, కుర్చీల్లో మగవాళ్లు ముక్కులు చీదుకోవడం, బయట జట్కా గుర్రం సకిలించడం. 'అసలు సంగీతం అదేనమ్మా, దానికి మనం అడ్డం రాకూడదు' అనేవాడు. నేనెప్పుడూ వినలేదు, చెప్పగా వినడమే." ఆంటీ చాప ఎండలోకి జరుపుకున్నారు. "ఇప్పుడు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని చూస్తారు. ఆ చోట ఏం వినబడుతుందో! ఒక్కసారి వినాలని నాకు ఆశ."

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ ఆయన ఒకసారి అన్నాడు, ప్రసారంలో శబ్దం ఆగితే వాళ్ల గదిలో గంట మోగుతుందని. రికార్డింగ్ వాళ్లకి చెప్పాను. కానీ మీట దగ్గర కూర్చునేది నీ మొగుడు. ఆదివారం బొమ్మ వేసేటప్పుడు డ్యూటీ తనదేగా? కంగారు పడొద్దని చెప్పు. అది తప్పు కాదు, అక్కడ అలాగే ఉండాలని చెప్పు."

"ఇంత చిన్న విషయానికి ఇంతలా చెప్పాలా ఆంటీ! చెప్తాను."

ఆ సాయంత్రం రఘు శకర్‌కందీ పట్టుకొచ్చాడు. బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప, పైన నిమ్మకాయ, మసాలా. పొట్లం వెచ్చగా ఉంది. తన చేతులు మాత్రం మంచుగడ్డలు. వాటిని తీసుకొచ్చి నా మెడ మీద పెట్టాడు. నేను అరిచిన అరుపుకి పక్కింటి సర్దార్జీ "సబ్ ఠీక్ హై?" అని కేకేశాడు. మేం నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం. చెప్పడం మర్చిపోయాను. మర్నాడు ఇంకేదో నవ్వు. ఆ మర్నాడు ఇంకోటి. చెప్పాల్సింది ఏదో ఉందని ఒకసారి గుర్తొచ్చింది కూడా. అప్పుడు తను నా జడ విప్పుతున్నాడు.

ఆదివారం సాయంత్రం ఆంటీ ఇంటి నిండా జనం. తెలుగు సంఘం కార్యదర్శి సీతారామయ్యగారు, కింది వాటా ఉమగారు, ఆవిడ కూతురు అక్షర, ఇంకా చుట్టుపక్కల మనవాళ్లు. ఆంటీ గద్వాల్ చీర కట్టుకుని, టీవీకి నమస్కారం పెట్టబోయి సిగ్గుపడి చెయ్యి దించేశారు. మెట్లెక్కి వస్తూ నేను రఘుకి మెసేజ్ పెట్టాను. "ఆంటీ ఇంట్లోంచే చూస్తున్నా. ఇవాళ సినిమా మధ్యలో నా పిట్ట ఎగరాలి. తప్పకుండా!"

"జో హుకుమ్. పిట్ట చేతిలోనే ఉంది" అని జవాబిచ్చాడు.

పిట్ట గుర్తుంది నాకు. పిట్ట ఒక్కటే గుర్తుంది.

సినిమా మొదలైంది. మిస్ నీలిమ పెద్ద కళ్లు, అంతకన్నా పెద్ద మౌనం. ఆవిడ పెదవులు కదిపితే ఆంటీ వయొలిన్ పలికింది. పడవవాడు తెడ్డు వేస్తుంటే అదే వయొలిన్ నీళ్లలా ఊగింది. మొదట్లో అక్షర "సో స్లో యార్" అంది గానీ, కాసేపటికి ఫోన్ పక్కన పెట్టేసింది. కరువు వచ్చింది. పడవవాడు పోయాడు. నీలిమ బిడ్డని పడవలో పడుకోబెట్టి, తన పైట చించి కప్పింది. తాడు ముడి మీద చెయ్యి వేసింది.

వయొలిన్ ఆగింది.

గదిలో హీటర్ గుంయ్‌మనడం వినబడింది. ఎవరివో గాజులు. కింద గేటు కిర్రుమంది. ఆంటీ కళ్లు మూసుకుని, వినడానికి కాస్త ముందుకు వంగారు. నాకింకా ఏమీ గుర్తు రాలేదు. నేనూ ఊపిరి బిగబట్టే చూస్తున్నాను.

ఇంతలో వేణువు. నా పిట్ట పాట.

నా గుండె ఎగిరి గంతేసింది. ఎందుకు దాచాలి? నీలిమ బిడ్డ నీళ్లలో వెళ్లిపోతుంటే నేను నవ్వుకున్నాను. నా కోసం పంపాడు, ఇంతమందిలో, ఎవరికీ తెలియకుండా! ఆ నవ్వు మొహమంతా పాకాక, అప్పుడు గుర్తొచ్చింది. ఆంటీ వైపు చూశాను. ఆవిడ తెర వైపు చూడటం లేదు.

పాట ఒకసారి అయి, మళ్లీ మొదలై, పడవ చిన్న చుక్క అయ్యేదాకా సాగింది. సినిమా అయిపోయాక అందరూ చప్పట్లు. ఉమగారు కళ్లు తుడుచుకుంటూ లేచి ఆంటీని వాటేసుకున్నారు.

"క్యా బాత్ హై ఆంటీ! అంతా ఒకెత్తు, ఆ పిల్లను పడవల ఇడిసేటప్పుడు పిల్లనగ్రోవి పాట పెట్టిండ్రు సూడుండ్రి, గదొక్కటి ఒకెత్తు. నాకు ఏడుపాగలే!"

"అద్భుతమండీ! అక్కడ వేణువు పెట్టాలని మీకెలా తోచిందండీ?" అన్నారు సీతారామయ్యగారు.

ఆంటీ రెండు చేతులూ జోడించారు.

అందరూ వెళ్లాక కప్పులు తీస్తూ నేనన్నాను. "అక్కడ మెషిన్ ఏదో పొరపాటు చేసినట్టుంది ఆంటీ."

"అయుంటుంది" అన్నారు.

రఘు ఇంటికి విజేతలా వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండానే మొదలుపెట్టాడు. "ఇవాళ ఆంటీ సినిమాని కాపాడింది ఎవరనుకున్నావ్? సరిగ్గా క్లైమాక్స్‌లో ఆడియో పోయింది! గంట మోగిపోతోంది. నీ కోసం పిట్ట రెడీగా పెట్టుకున్నానా, దాని పాట ఒక్కటే పెట్టేశాను. మా బాస్ వచ్చి భుజం తట్టాడు తెలుసా?"

నేను మంచం మీద కూర్చుండిపోయాను. చెప్పాను. మొత్తం చెప్పాను.

తను విప్పబోయిన బూటు లేసు మళ్లీ కట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అని అడగలేదు. అడిగితే బాగుండేది. "పద, పైకెళ్లి చెప్పేద్దాం" అన్నాడు.

"వద్దు."

"మైథిలీ..."

"మెషిన్ అనుకుంటున్నారు రఘూ. అలాగే అనుకోనీ. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆవిడ ఛానల్ వాళ్లతో అంటే? వద్దు."

అన్న కారణం ఉద్యోగం. అనని కారణం వేరు. ఆ డాబా, ఆ ఎండ, "అమ్మాయ్" అనే ఆ పిలుపు. వాటిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

తీరా అవే పోయాయి, నా అంతట నేనే పోగొట్టుకున్నాను. పైనుంచి కేక వినబడితే తలనొప్పి అన్నాను, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందన్నాను. ఎండ వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఒకరోజు గుమ్మంలో గిన్నె ఉంది. ఒలిచిన బఠాణీలు. నేను పచ్చివే తింటానని ఆవిడకి తెలుసు. అవి వండాను గానీ ఒక్కటీ నోట్లో పెట్టుకోలేకపోయాను.

ఛానల్ వాళ్లు ఆ సినిమాని, వచ్చింది వచ్చినట్టే, ఇంటర్నెట్‌లో పెట్టారు. పడవ ఘట్టం ఒక్కటీ కత్తిరించి జనం పంచుకున్నారు. ఉమగారి ఫోన్ మోగితే పిట్ట పాట. మార్కెట్లో ఎవరో కూనిరాగం తీస్తుంటే పిట్ట పాట. రఘు తన డ్యూటీలో దీపం వేసేవాడు, లేదా గాలిపటం. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. నవ్వులు ఉన్నాయి గానీ, నవ్వాక ఒకసారి పైకప్పు వైపు చూసేవాళ్లం.

హోలీ వెళ్లాక సీతారామయ్యగారు ఆంటీని అడిగారు. ఉగాది కార్యక్రమంలో ఆ సినిమా వేస్తాం, మీరు పక్కన కూర్చుని వాయిస్తారా అని. నేనక్కడే ఉన్నాను, తప్పించుకునే వీల్లేక.

"హాల్లోనా? జనం ముందా?" అన్నారు ఆంటీ. ఆవిడ కళ్లు చిన్నపిల్లలా మెరిశాయి. "వాయిస్తాను."

ఆ రాత్రి నేను రఘుతో అన్నాను. "దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు."

"ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ నేనే చూసుకుంటానని చెప్పాను. ఈసారి చేతులు కట్టుకుని కూర్చుంటా. భూకంపం వచ్చినా ముట్టుకోను" అన్నాడు.

ఉగాది నాడు కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. పంచాంగ శ్రవణం, పిల్లల డాన్సులు, పులిహోర. లైట్లు తీసేశారు. తెర పక్కన చిన్న బల్బు కింద ఆంటీ నేల మీద కూర్చుని వయొలిన్ ఒళ్లోకి తీసుకున్నారు. నేను మొదటి వరసలో ఉన్నాను. టీవీలో విన్నది గుర్తు లేనట్టు వాయించారు ఆవిడ. ఆ వయసులో ఆ చేతికి అంత బలం ఎక్కడిదో! వెనక ఎవరో పిల్లవాడు పడవవాడికి "జల్దీ, జల్దీ!" అని అరిచాడు. అందరూ నవ్వారు. రేకుల హాలు కూడా ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

నీలిమ తాడు ముడి మీద చెయ్యి వేసింది.

ఆంటీ చెయ్యెత్తారు. బల్బు వెలుగులో కమాను గాలిలో నిలిచింది.

హాలు సద్దుమణిగింది. ఫ్యాను తిరగడం వినబడింది. బయట ఈ-రిక్షా హారన్. ఎక్కడో ఒక కుర్చీ కదిలింది. నా వెనక ఎవరో సన్నగా ముక్కు ఎగబీల్చారు. వస్తోంది, వస్తోంది, ఎవరూ కదలకండి అని లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి కూనిరాగం మొదలైంది. ఉమగారు. మంచి మనసు ఆవిడది. పెద్దావిడ పాట మర్చిపోయి తడబడుతోందనుకుని అందిస్తున్నారు. పిట్ట పాట. పక్కావిడ కలిసింది. తర్వాత వెనక వరస. పిల్లలు ఈల వేశారు. చూస్తుండగానే హాలు హాలంతా, కన్నీళ్లతో, ప్రేమగా, నా పిట్ట పాట పాడింది.

ల్యాప్‌టాప్ దగ్గర రఘు చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. తనకి ఆపడానికి అక్కడ ఏ మీటా లేదు.

ఆంటీ కమాను ఇంకా గాలిలోనే ఉంది. ఆవిడ తల వంచి హాలు వైపు చెవి పెట్టారు. చాలాసేపు. తర్వాత కమాను మెల్లగా తీగ మీదికి దించి, వాళ్ల గొంతుల వెనకే వాయించారు.

ఇంటికి నడిచే వెళ్దామన్నారు. రఘు సామాన్లు సర్దడానికి ఉండిపోయాడు. నేను వయొలిన్ పెట్టె పట్టుకున్నాను. రోడ్డు పక్క చెట్లు ఆకు రాలుస్తున్నాయి. ఢిల్లీలో చైత్రానికి అదొక అలవాటు.

"ఆంటీ, ఆ రోజు టీవీలో..."

"నీ పిట్టే కదా?"

నేను ఆగిపోయాను. "రఘు చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు. ఆ వేణువు మోగినప్పుడల్లా నువ్వు పరుగెత్తే అడుగులు పైకి వినబడేవి. ఆ రోజు అది రాగానే ఇదెవరి పనా అని చుట్టూ చూశాను. నీ మొహం కనబడింది. పెళ్లిపందిట్లో కూడా ఎవరి మొహమూ అలా వెలగదమ్మా."

"మరి నన్నొక్క మాట అనలేదే? ఛానల్ వాళ్లతోనైనా..."

"అడిగారు. ఇంటర్నెట్‌లో పెట్టే ముందు ఏమైనా సరిచెయ్యాలా అని ఫోన్ చేశారు. ఏమీ లేదన్నాను. ఉందంటే, ఆ వేళ డ్యూటీలో ఎవరున్నారని వెతుకుతారు."

వయొలిన్ పెట్టె రెండో చేతిలోకి మార్చుకున్నాను. కాసేపు నడిచాక ఎలాగో అన్నాను. "ఇవాళైనా మీకు..."

"ఇవాళ పాడారు. ఏడవమని మా నాన్న ఎవరికీ చెప్పలేదు. పాడొద్దని నేనెలా చెప్తాను? హాలు ఏమిస్తే అది తీసుకోవాలి." మెట్ల దగ్గర పెట్టె నా చేతిలోంచి తీసుకున్నారు. "కాకపోతే, ఒక్కసారి విందామనుకున్నాను. అంతే. వెళ్లు, అలిసిపోయావ్."

ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్లేదాకా నేను కిందే నిలబడ్డాను.

లోపలికొచ్చి అలవాటుగా టీవీ పెట్టాను. ఎవరి డ్యూటీయో, ప్రకటనలు కాగానే నీలం పిట్ట వచ్చింది. మ్యూట్ నొక్కాను. ముక్కు తెరిచి, రెక్కలు విదిల్చి, చప్పుడు లేకుండా ఎగిరిపోయింది. దాని వెనక ఇంకేదో సీరియల్. పెదవులు కదులుతున్నాయి.

రఘు వచ్చాడు. బూట్లు విప్పకుండానే తెర వైపు చూసి, ఉద్యోగ ధర్మం కొద్దీ రిమోట్ మీద చెయ్యి వేశాడు. "సౌండ్ పోయిందా?"

ఆ చెయ్యి పట్టుకుని పైకెత్తాను. "ఉండనీ రఘూ. కాసేపు ఏం వినబడుతుందో చూద్దాం."

ఇద్దరం నిలబడ్డాం. వంటింట్లో కుళాయి బొట్టు. కింద ఉమగారింట్లో కుక్కర్ కూత. దూరంగా మెట్రో. పై అంతస్తులో కుర్చీ జరిగింది. వయొలిన్ పెట్టె మూత పడింది. తర్వాత చాలాసేపు, పైనుంచి ఏమీ వినబడలేదు.